గుట్టు రట్టయినప్పుడు



క్రిందటి యేడు శ్రావణమాసమున ఒకనాటి ఉదయము నేను వీధి అరుగుమీద కూర్చుండి వార్తాపత్రిక చదువుకొనుచుండగా, నాకు ముఖపరిచయమైనను లేని ఒక పెద్దమనిషి అనకాపల్లినుండి ఫోను చేసి తన పేరు చెప్పెను. అది నా పేరే. ఇంటిపేరుతో సహా నా పేరే. "తమ బ్యాంకు స్టేట్‌మెంట్లు నాలుగు నెలలుగా మా ఇంటికి వస్తున్నాయండి. మొదటిది నాదే అనుకుని కవరు విప్పాను. లోపల చూస్తే, నాకంత పెన్షను ఎక్కడిది! తర్వాతవి విప్పలేదు. కాగితం మీద తమ నంబరుంటే చేశాను" అని వినయముగా చెప్పి, ఒక్క క్షణ మాగి, "ఏమీ అనుకోకండి, ఇంట్లో అందరూ కులాసాయేనా? ఆసుపత్రి ఖర్చులు చాలా కనిపించాయి" అని అడిగెను.

ఆ ఖర్చులు నా భార్య చికిత్సకు సంబంధించినవి. ఆమె కోరికపై ఆ సంగతిని మేము నా అన్నదమ్ములకు గాని, ఆమె పుట్టింటివారికి గాని చెప్పక దాచియుంచితిమి. తోడబుట్టినవా రెరుగని విషయమును ఎక్కడనో యున్న ఒక అపరిచితుడు, తన తప్పిద మేమియు లేకుండగనే, బ్యాంకువారి పుణ్యమా అని తెలిసికొనెను. ఆయన సజ్జనుడు గనుక సరిపోయినది. కాని నేను ఆ పూట కాఫీ త్రాగలేకపోయితిని.

మరునాడు బ్రాంచికి పోయితిని. మేనేజరు యువకుడు, మర్యాదస్థుడు. కంప్యూటరులో వెదకి, ఒకే పేరుగల ఇద్దరు ఖాతాదారుల చిరునామాలు కేవైసీ సవరించునప్పుడు కలగాపులగమైనవని కనుగొని, అప్పటికప్పుడే సరిచేసి, టీ తెప్పించి, "పొరపాటు మాదే సార్, ఒప్పుకుంటున్నాం. కాని ఒక్క రూపాయి కూడా పోలేదు కదండీ. మీకు నష్టమేముంది?" అనెను. అతడు నన్ను చులకన చేయలేదు. నిజముగనే అతనికి తెలియలేదు. నాకును ఆ క్షణమున జవాబు తోచలేదు. ఈనాటి నా ప్రసంగమంతయు ఆ యువకునికి ఆలస్యముగా నే నిచ్చుచున్న జవాబని శ్రోతలు భావింతురు గాక.

మా తాతగారి కాలమున మా గ్రామములో వడ్డీవ్యాపారము చేయు షావుకారు ఒకాయన యుండెడివాడు. వడ్డీ విషయమున ఆయన కఠినుడనియే అందరును చెప్పుకొనెడివారు. దయాదాక్షిణ్యములకు పేరొందినవాడు కాడు. అయినను ఊరిలోని ఆడువారు తమ గొలుసులు, దండకడియములు తాకట్టు పెట్టుటకు ఆయనయొద్దకే పోయెడివారట. కారణ మేమనగా, ఆయన చిట్టా ఆవర్జాలలోని మాట ఆయన పెదవి దాటెడిది కాదు. ఎవరి కోడలు ఏ వస్తువు తెచ్చి కుదువపెట్టినదో, ఎవరి యింట పెండ్లి అప్పుతో జరిగినదో ఆయనకు తెలియును; తెలిసినట్లు మరెవ్వరికిని తెలియదు. ఎక్కువ వడ్డీ అని తెలిసియు జను లాయన నాశ్రయించుటలో ఆ అధికమైన వడ్డీ కొంత మౌనమునకు చెల్లించిన మూల్య మని నాకు ఇప్పుడు తోచుచున్నది. బ్యాంకుయొద్ద మనము ధనమును మాత్రమే దాచుకొనుట లేదు. మన జీవితపు చిట్టాను దాచుకొనుచున్నాము. డబ్బు పోయినచో అంకె తగ్గును, కంటికి కనబడును. గుట్టు పోయినచో అంకె తగ్గదు. అందుచేత బ్యాంకు లెక్కలలో దానికి పద్దు లేదు.

న్యాయస్థానముల లెక్కలలో మాత్రము దానికి పద్దు వ్రాయబడి నూరేండ్లు దాటినది. ఇంగ్లండు దేశమున టూర్నియే అను ఒక వ్యక్తికిని, నేషనల్ ప్రొవిన్షియల్ అండ్ యూనియన్ బ్యాంకునకును నడచిన వ్యాజ్యము 1924 నాటి న్యాయనివేదికల కెక్కినది. అతడు బ్యాంకునకు 9 పౌనుల పైచిలుకు బాకీపడి, వారమునకు ఒక పౌను చొప్పున తీర్చెదనని వ్రాసియిచ్చి, తాను కొత్తగా చేరబోవు కంపెనీ పేరును చిరునామాను ఆ కాగితము మీదనే పేర్కొనెను. కొన్ని వాయిదాలు కట్టి మానివేసెను. ఆ తరువాత తన పేర వచ్చిన 45 పౌనుల చెక్కును తన ఖాతాలో జమచేయక మరియొకరికి బదలాయింపగా, బ్యాంకు మేనేజరు ఆ చెక్కు ఎవరి చేతికి పోయినదో ఆరా తీసి, అది గుఱ్ఱపు పందెముల వంటివానిపై పందెములు కాయించు వ్యాపారికి చేరినదని తెలిసికొనెను. పిమ్మట, ఇంటి చిరునామా కనుగొను నెపముతో యజమానులకు ఫోను చేసి, మాటలలో మాటగా, ఇతడు మాకు బాకీ, ఇతనికి పందెముల వ్యసన మున్నట్లు తోచుచున్నదని చెప్పివేసెను. ఉద్యోగపు ఒప్పందము గడువు తీరగానే యజమానులు ఆ మనుష్యుని ఉద్యోగములో కొనసాగింపలేదు.

క్రింది న్యాయస్థానమున జూరీ బ్యాంకునే గెలిపించినది. అప్పీలు న్యాయస్థానము ఆ తీర్పును త్రోసిపుచ్చి, తిరిగి విచారింపు డని ఆదేశించుచు, ఖాతాదారుని విషయములను గోప్యముగ నుంచుట బ్యాంకు చూపెడి మర్యాద కాదు, ఒప్పందమునందు అంతర్లీనమైన బాధ్యత యని నిశ్చయించినది. చట్టము నిర్బంధించినప్పుడు, ప్రజాహితము కోరినప్పుడు, బ్యాంకు తన హక్కును కాపాడుకొనవలసినప్పుడు, ఖాతాదారుడే సమ్మతించినప్పుడు తప్ప బ్యాంకు నోరు విప్పరాదు. ఈ నాలుగు మినహాయింపులును నేటికిని మన దేశపు న్యాయస్థానములలో ఉదాహరింపబడుచునే యున్నవి. ఆ మేనేజరు నోటివెంట వచ్చిన మాటలలో అబద్ధ మొక్కటియు లేకపోయినను బ్యాంకు బాధ్యత తొలగలేదన్నదే అందు నన్ను ఆకర్షించిన విషయము. సత్యము చెప్పుటయు అపరాధము కాగల చోటు బ్యాంకు.

మన దేశమున జాతీయము చేయబడిన బ్యాంకులకు ఈ బాధ్యత ఒప్పందము వలననే గాక శాసనము వలనను సంక్రమించినది. 1970 నాటి బ్యాంకుల జాతీయీకరణ చట్టములోని 13వ సెక్షను గోప్యతాపాలనమును విధించినది. దీని కొక గొప్ప వ్యాఖ్యానము మన తెలుగునేల వ్యాజ్యమువలననే లభించినది. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్టాంపు చట్టములోని 73వ సెక్షనును సవరించి, స్టాంపు సుంకము ఎగవేతను కనిపెట్టు మిషతో, కలెక్టరు అధికారమిచ్చిన ఏ వ్యక్తియైనను బ్యాంకులోనికి పోయి ఖాతాదారుల దస్తావేజులను పరిశీలించుటకు వీలు కల్పించెను. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారునకును కెనరా బ్యాంకునకును నడచిన ఆ వివాదమున హైకోర్టు ఆ సవరణను కొట్టివేయగా, సుప్రీంకోర్టు 2004 నవంబరు 1వ తేదీన ప్రధాన న్యాయమూర్తి లాహోటీగారి తీర్పు ద్వారా దానిని స్థిరపరచినది. ఏకాంతపు హక్కు మనుష్యునికి చెందినదే గాని స్థలమునకు చెందినది కాదు. కాగితము నా బీరువా వదలి బ్యాంకు బీరువా చేరినంత మాత్రమున నా గోప్యత నన్ను వదలిపోదని ఆ తీర్పు సారాంశము. 1976లో అమెరికా సుప్రీంకోర్టు మిల్లర్ అను వ్యక్తి వ్యాజ్యమున ఇందుకు విరుద్ధముగా, బ్యాంకున కిచ్చిన సమాచారముపై ఖాతాదారునికి అట్టి హక్కు లేదని చెప్పియుండెను. మనవారు ఆ దారిని త్రొక్కలేదు. 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము పుట్టస్వామి వ్యాజ్యమున ఏకాంతమును ప్రాథమిక హక్కుగ ప్రకటించుటకు పదమూడేండ్లు ముందే మన కాగితపు కట్టలకు అంతటి గౌరవము దక్కినదని నేను సంతోషింతును.

ఇంతవరకును హక్కు. పరిహార మన్నప్పుడు మాత్రము దారి యిరుకగును. ఒప్పందభంగమునకు పరిహారము 1872 నాటి కాంట్రాక్టు చట్టములో, చిత్ర మేమనగా అక్కడను 73వ సెక్షనులోనే, చెప్పబడినది. భంగమువలన సహజముగ కలిగిన నష్టమును రాబట్టుకొనవచ్చును గాని, దూరపు నష్టమును, పరోక్ష నష్టమును అడుగరాదు. ఉద్యోగము పోయినవాడు జీతపు లెక్క చూపగలడు. తన యింటి రోగము ఊరివారి నోట పడినవాడు ఏ లెక్క చూపును? ఇట్టివాడు సివిలు కోర్టుకు పోవుట దోమను కొట్టుటకు ఫిరంగి నడిగినట్లుండును. ఫిరంగి ఖర్చు మనదే.

ఆ మేనేజరు ప్రశ్నకు సూటియైన జవాబు వినియోగదారుల రక్షణచట్టములో నున్నది. 2019 నాటి చట్టము అనుచిత వ్యాపార విధానములను నిర్వచించుచు, వినియోగదారుడు నమ్మి ఇచ్చిన వ్యక్తిగత సమాచారమును చట్టబద్ధము కాని రీతిని ఇతరులకు వెల్లడించుటను కూడ వానిలో చేర్చినది. న్యాయవాదులలో సైతము కొందరు ఈ వాక్యమును దాటవేసి చదువుట నేనెరుగుదును. జిల్లా కమిషను ఎదుట మనోవేదన కూడ పరిహారయోగ్యమే. కారణము కలిగిన రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవలెను. సేవకై చెల్లించిన మూల్యము 5 లక్షల రూపాయలకు మించనిచో కోర్టు రుసుము లేదు. కాలయాపన లేదని మాత్రము నేను చెప్పజాలను.

అంతకన్న సులువైన మార్గము బ్యాంకులపై ఫిర్యాదులను విచారించు అంబుడ్స్‌మన్. 2021 నవంబరు 12న రిజర్వు బ్యాంకు అమలులోనికి తెచ్చిన సమగ్ర పథకము ప్రకారము, మొదట బ్యాంకునకు వ్రాతపూర్వకముగ ఫిర్యాదు చేయవలెను. 30 దినములలో జవాబు రానిచో, లేక వచ్చిన జవాబు తృప్తినీయనిచో, ఒక సంవత్సరములోపల అంబుడ్స్‌మనుకు నివేదింపవచ్చును. రుసుము లేదు. బాధితుడు తానే న్యాయవాది యైననే తప్ప న్యాయవాదిద్వారా దాఖలు చేయుటకు వీలులేదు. ఈ నియమమును రచించిన మహానుభావుడెవరో గాని నాకాయనపై గౌరవము కలదు. ఆ పథకము లోపమువలన పర్యవసానముగ కలిగిన నష్టమునకు 20 లక్షల రూపాయలవరకును, దానికి తోడు కాలహరణము, ఖర్చులు, వేధింపు, మనోవేదనలకు లక్ష రూపాయలవరకును ఇప్పించుటకు అంబుడ్స్‌మనుకు అధికార మిచ్చినది. మనోవేదన యను మాట ఆ పథకములోనే యున్నది. నేను మేనేజరునకు రెండవసారి పోయి చూపినది ఆ మాటనే.

సమాచారము జారి, దానివెంట డబ్బును పోయినవారి సంగతి వేరు. బ్యాంకు లోపమువలననే ఖాతానుండి డబ్బు పోయినచో, మీరు చెప్పినను చెప్పకపోయినను, ఆ భారము మీది కాదని రిజర్వు బ్యాంకు 2017 జులై 6వ తేదీన జారీచేసిన ఉత్తరువు చెప్పుచున్నది. లోపము బ్యాంకుదియు మీదియు గాక మధ్యవారిదైనచో, బ్యాంకునుండి సమాచారము వచ్చిన మూడు పనిదినములలో తెలియజేసినవానికి పూర్తి రక్షణ కలదు. పది పనిదినములలో ఆ మొత్తమును తాత్కాలికముగ తిరిగి జమచేయవలెను; ఖాతాదారునిదే తప్పని నిరూపించు భారము బ్యాంకుపై నున్నది. ఓటీపీ మీరే చెప్పియుంటిరా అని బెదరించి పంపివేయు కౌంటరులలో ఈ చివరి వాక్యమును గట్టిగా చదివి వినిపింపవలెను.

అప్పు తీర్చినను తీర్చనట్లు, ఒకరి బాకీ మరియొకరి పేర ఎక్కినట్లు సిబిల్ మొదలగు రుణచరిత్ర సంస్థల లెక్కలలో పడు తప్పులు మరియొక తరహావి. ఇవి మాటజారుట కాదు, మాట మార్చుట. అట్టి తప్పుపై ఫిర్యాదు చేసిన 30 దినములలో సరిచేయనిచో, పైబడిన ప్రతి దినమునకును 100 రూపాయలు ఫిర్యాదుదారునికి చెల్లింపవలెనని 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఆదేశించినది. ఆ విధానము 2024 ఏప్రిలు నుండి అమలులో నున్నది. దినమునకు నూరు రూపాయలు పెద్ద మొత్తము కాదు. కాని అడుగకపోయినను లెక్క నడచుచుండు పరిహార మిది. ఏ నష్టము కలిగినదో నిరూపింపు మని ఎవ్వరును ప్రశ్నింపరు. గుట్టు విడిచిన నేరమునకును ఇట్టి సూటి లెక్క యుండిన బాగుండునని నా యభిప్రాయము.

ఇక మన శాసనకర్తలు చేసిన పనిని గూర్చి కొంచెము నిష్ఠురముగ మాటాడవలసియున్నది. శ్రోతలు క్షమింతురు గాక. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టమునకు చేసిన సవరణ 2009 అక్టోబరులో అమలులోనికి వచ్చి, 43ఏ సెక్షను నేర్పరచినది. సున్నితమైన సమాచారమును కంప్యూటరులలో నుంచుకొను సంస్థ, తగిన భద్రత పాటింపక, అశ్రద్ధచే ఎవరికైనను అక్రమ నష్టము కలిగించినచో ఆ బాధితునికే పరిహారము చెల్లింపవలెనని దాని తాత్పర్యము. ప్రతి రాష్ట్రమునను ఐటీ శాఖ కార్యదర్శి న్యాయనిర్ణేతగా 5 కోట్ల రూపాయలవరకు వచ్చు దావాలను విచారించును. 2010లో తమిళనాడు న్యాయనిర్ణేత, దొంగ ఈమెయిలువలన ధనము కోల్పోయిన ఒక ప్రవాసికి అతని బ్యాంకు 12 లక్షల 85 వేల రూపాయలు చెల్లింపవలెనని తీర్పిచ్చెను. నావంటివాని కవరుకథకు అది పనికిరాదు. కవరు కంప్యూటరు కాదు, అక్రమ నష్టమునకు లెక్కయు లేదు. అయినను, బాధితుడని యొకడుండునని గుర్తించిన శాసన మది.

2018లో జస్టిస్ శ్రీకృష్ణగారి సంఘము సిద్ధపరచిన ముసాయిదాలో సైతము బాధితుని పరిహారమునకు ప్రత్యేక ప్రకరణ ముండెను. కడకు 2023 ఆగస్టులో వెలువడిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టములో అది మటుమాయమైనది. తగిన భద్రత పాటింపని సంస్థకు 250 కోట్ల రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. ఆ సొమ్ము భారత సంచితనిధికి పోవును. గుట్టు నాది, రట్టు చేసినది బ్యాంకు, రొక్కము ఖజానాకు! అంతటితో ఆగక, ఇదే చట్టము పాత 43ఏ సెక్షనును కూడ తుడిచివేయుచున్నది. 2025 నవంబరులో వెలువడిన ప్రకటన ప్రకారము ఆ రద్దు 18 మాసముల పిమ్మట, అనగా 2027 మే మాసమున అమలులోనికి రావలసియున్నది. మరియు నొక వింత: తప్పుడు ఫిర్యాదు చేసిన పౌరునికి 10 వేల రూపాయలవరకు జరిమానా కలదు. ఫిర్యాదు నిజమైన పౌరునికి ఒక్క రూపాయియు లేదు. ఐరోపా దేశములలో 2018 నుండి అమలులోనున్న శాసనము తన 82వ అధికరణమున ధనరూపమైన నష్టమునకే గాక ధనరూపము కాని నష్టమునకును పరిహార మిచ్చుచున్నది. అక్కడి ఉన్నత న్యాయస్థానము 2023 మే మాసమున, నియమోల్లంఘనము జరిగినంత మాత్రమున చాలదు, కొంత నష్టము కలిగియుండవలెను, కాని అది పెద్దదై తీరవలెనను హద్దు లేదని స్పష్టపరచినది. పెద్దది కాదు, ఉన్నది. నేను వెదకుచుండిన న్యాయము ఆ రెండు మాటలలో నిమిడియున్నది. దండన మనునది రాజ్యమునకును అపరాధికిని మధ్య నడచు లెక్క. పరిహారము అపరాధికిని బాధితునికిని మధ్య నడచునది. మొదటిది తీరినంత మాత్రమున రెండవది తీరదు.

నా కథ ఏమైనదని శ్రోతలడుగవచ్చును. బ్యాంకునకు వ్రాసిన ఫిర్యాదునకు ఇరువదియైదవ నాట "అసౌకర్యమునకు చింతించుచున్నాము" అను ఏకవాక్య సమాధానము వచ్చినది. అంబుడ్స్‌మనుకు వ్రాయుటకు కూర్చున్నప్పుడు సాక్ష్యము కావలసివచ్చినది. అనకాపల్లి పెద్దమనిషిని అడిగితిని. ఆయన ఆ నాలుగు స్టేట్‌మెంట్లను, కవర్లతో సహా, తన చిరునామా కనబడునట్లు, తపాలా ముద్రల తేదీలు చెదరకుండ, రిజిస్టరు తపాలాలో పంపెను. మూడు కవర్లు అంటించినవి అంటించినట్లే యున్నవి. ఆ కవర్లను చూచిన పిమ్మట బ్యాంకువారు వాదింపలేదు. రాజీమార్గమున 15 వేల రూపాయలు చెల్లించిరి. తపాలా ఖర్చు పంపబోగా ఆయన పుచ్చుకొనలేదు. నా భార్య కోలుకొని ఇప్పుడు ఆరోగ్యముగ నున్నది. ఈ సంగతి చెప్పుటకు ఆమె అనుమతి నిచ్చినది.

కావున శ్రోతలకు రెండు మనవులు. బ్యాంకుతో నోటిమాటగా వాదించి తిరిగి రావలదు. కాగితముపై వ్రాసి, దానిపై ముద్ర వేయించుకొని, ఫిర్యాదు నంబరు అడిగి తెచ్చుకొనుడు. దారి తెలియనివారు రిజర్వు బ్యాంకువారి 14448 నంబరునకు ఫోను చేసి అడుగవచ్చును. రెండవది, మీ యింటికి మీది కాని కవరు ఎప్పుడైన వచ్చినచో, పాత కాగితములలో పారవేయక, దానిని దాచియుంచి, కవరుమీది మనిషికి ఒక్క ఫోను చేయుడు.